రామభీమ నామవ్యత్యయము: "రౌద్రం రణం రుధిరం" చిత్రవిమర్శ

2022వ సంవత్సరము మార్చి 25వ తేదీన వెలువడిన "రౌద్రం రణం రుధిరం" అను చలనచిత్రమును చూడనివారు ఆంధ్రదేశమున అరుదు. అందలి "నాటు నాటు" అను నృత్యగీతమునకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానము లభించుటచే దాని ఖ్యాతి దేశాంతరములకును వ్యాపించినది. శ్రీ విజయేంద్రప్రసాదుగారు కథ కూర్పగా శ్రీ రాజమౌళిగారు దర్శకత్వము వహించిన యీ చిత్రమును వినోదమాత్రమని విడుచుట తగదు. దృశ్యకావ్యము రసప్రధానము. పైగా నిందలి నాయకులిద్దఱును చరిత్రపురుషులు. తూర్పుకనుమలలో మన్యపు పితూరీని నడపిన అల్లూరి సీతారామరాజు ఒకరు. 1940లో జోడేఘాట్ అడవులలో గోండుల కొఱకు ప్రాణములిచ్చిన కొమురం భీము వేఱొకరు. వీరి కలయిక కల్పితమని చిత్రకర్తలే ప్రకటించిరి గావున చరిత్రవిరుద్ధమని యాక్షేపించుట న్యాయము గాదు. ఆ కల్పనవలన నేమి చేకూఱినది, ఏమి జాఱినది యనునదే విచార్యము.

ముందుగా పేర్లను గూర్చి. భీమశబ్దమును పాణిని అపాదానార్థమున సాధించెను. ఎవనివలన భయము కలుగునో వాడు భీముడు. రామశబ్దమునకు అధికరణవ్యుత్పత్తి ప్రసిద్ధము. ఎవనియందు జనులు రమింతురో వాడు రాముడు. ఒకడు భయమునకు మూలము, ఒకడు ఆనందమునకు నెలవు. ఈ యర్థముల వెంటనే కథయు నడచునని చూపరులు తలతురు. కాని యది తలక్రిందుగా నడచినది.

దొరలు కొనిపోయిన మల్లి యను గోండుబాలికను వెదకుచు భీము మాఱుపేరుతో ఢిల్లీ చేరును. పరుల నగరమున చెఱబడిన దానిని వెదకి విడిపించుట రామాయణకథ. రామునికో, తండ్రి కిచ్చిన మాట కలదు. తల్లిని, తమ్ముని పోగొట్టిన స్కాటు దొరపై పగ కలదు. పోలీసు దుస్తులు ధరించి శత్రువు కొలువుననే యతడు అదనుకై వేచియుండును. ప్రతిజ్ఞ పట్టి, మాఱురూపమున పరుల కొలువుండి, సమయము వచ్చినపుడు పగ తీర్చుట విరాటుని వంటయింట దాగిన భీమసేనుని కథ. కాగా నిందు భీముడు రాముని కార్యమును, రాముడు భీముని కార్యమును చేయుచున్నారు.

ఈ వ్యత్యయము దోషము గాదు, చిత్రమునకు బలమే. ఉత్తరభాగమున భీము సీతను కలిసికొని, ఆమె దుఃఖము విని, రాముని దెచ్చి యప్పగింతునని బయలుదేరును. చెఱలో కాళ్లు చెడిన రాముని భుజములపై నెక్కించుకొని పోరాడును. ఇది హనుమంతుని పని. హనుమద్భీము లిద్దఱును వాయుపుత్రులే. అరణ్యపర్వమున అన్నదమ్ములుగా కలిసికొనినవారే. పురాణము నెఱిగిన ప్రేక్షకునకు ఈ యౌచిత్యము వివరింపకయే తెలియును.

దోషము వేఱొకచోట నున్నది. వీరమునకు స్థాయి యుత్సాహము, రౌద్రమునకు క్రోధము. వీరము ఉత్తమప్రకృతులకు చెందినదనియు, రౌద్రము రాక్షసులకును దానవులకును ఉద్ధతులైన మానవులకును చెందినదనియు భరతముని విభజించెను. ముఖనేత్రముల యెఱుపే యుద్ధవీరమునుండి రౌద్రమును వేఱుపఱచు గుర్తని సాహిత్యదర్పణకారుని మతము. ఈ చిత్రము తన పేరిటి మొదటి మాటగా రౌద్రమునే గ్రహించినది. భీమునకు జలమును, రామునకు అగ్నిని చిహ్నములుగా నిచ్చినది. తుదకు అడవిలో కాషాయము గట్టి విల్లు పట్టిన రాముడు కనబడినపుడు వేషము రామునిది, స్థాయి మాత్రము పగబట్టినవానిది. వాల్మీకి రాముడు మరణముతో వైరము ముగిసినదని చెప్పి రావణునకు సంస్కారము చేయుమని విభీషణుని నియోగించెను. స్కాటు వధలో అట్టి ప్రశమము లేదు. అతడు వెల గట్టిన తూటాయే యతనికి మృత్యువగుట చమత్కారము, అంతకుమించి కాదు.

రామరాజు చరిత్రలో స్థాయి యేది? ఆయన తండ్రి బాల్యముననే గతించెను. తండ్రిని చంపిన దొర యెవడును లేడు. 1882 నాటి మదరాసు అటవీచట్టము మొదలు పోడు వ్యవసాయమునకు నిర్బంధములు పెరిగెను. గూడెము ప్రాంతమున బాటలు వేయించుటలో కొండవారిచే వెట్టి చేయించిరి. ఈ బాధలు రామరాజువి కావు, పరులవి. వానిని తనవిగా జేసికొనుటయే యుత్సాహము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి, తాను గొనిపోయిన ఆయుధములకు పట్టిక వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన తెల్లదొరల నిద్దఱను మాత్రమే కూల్చిరి. కోపమును అదుపున నుంచుకొన్నవాని యుద్ధమిది. ఇట్టి సన్నివేశములు సిద్ధముగా నుండగా కవి సొంతపగను కల్పింపవలసిన యక్కఱ యేమి?

పగ యొక్కనిది గావచ్చును, పితూరీ పదుగురిది. పగను కథకు బీజముగా నుంచుటచే, రామునితో నడచిన కొండవారు తెఱపై లేకపోయిరి. గాము గంటందొర, మల్లుదొర సోదరుల పేరైన వినబడదు. 1924 మే 7న కొయ్యూరులో రామరాజు కాల్చబడిన పిదపను గంటందొర పోరు మానక జూనులో నేలకొఱిగెను. మల్లుదొర చెఱ ననుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. ఇట్టివారు లేని కథ కావుననే, కడపట నేమి కావలయునని రాముడడుగగా భీము చదువు నర్థించును. రాముడు జలము, అడవి, భూమి యను నినాదమును వ్రాసియిచ్చును. ఆ నినాదము భీముదని లోకమెఱుగును. కొండవానిని శిష్యునిగను, మైదానమువానిని గురువుగను నిలుపుట రామాయణమువలన వచ్చినది గాదు. మన యలవాటువలన వచ్చినది.

లోకరంజనమునకై తీసిన చిత్రమున నింత శోధన యేల యని కొంద ఱనవచ్చును. చిత్రము వెలువడిన పది దినములకే, 2022 ఏప్రిలు 4న, పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది. అరకులోయ, చింతపల్లి, కొయ్యూరు అందలివే. అచ్చటి బడులలో కూర్చుండు బాలురు పెక్కుమంది గంటందొర తెగలవారు. వారు చరిత్రపాఠమునకు ముందే యీ చిత్రమును చూచియుందురు. పండితులు చిత్రమును నిందింపనక్కఱలేదు. రామభీముల వ్యత్యయమును వివరించి దాని సొగసును చూపవచ్చును. పిమ్మట దామనపల్లి కనుమను, గంటందొర పేరును చెప్పి, ఆ కనుమలో తుపాకిని దింపి సిపాయిలను పోనిచ్చినవానిది ఏ రసమో విద్యార్థులనే నిర్ణయింపుమనవలయును.