మళ్లీ కొలిస్తే?

భయపడిన ముఖాల ఫొటోలు చూపిస్తూ, మెదడు పనితీరును చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ తీస్తే, మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం చురుకవుతుంది. ఎన్నో ప్రయోగశాలల్లో ఇది రుజువైంది. ఇంత గట్టి ఫలితం ఉంటే, ఎవరికి భయం ఎక్కువో స్కాన్ తీసి చెప్పేయవచ్చనే నేనూ అనుకునేవాణ్ణి. కానీ అదే మనిషిని కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ చేస్తే ఆ చురుకుదనపు అంకె మారిపోతోంది.

2020లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి 90 ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. ఒకే మనిషి రెండు కొలతలూ పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0 అనుకుంటే, సగటున వచ్చింది 0.4 మాత్రమే. మెదడు పైపొర మందం వంటి నిర్మాణపు కొలతలు మాత్రం రెండోసారీ దాదాపు అలాగే వచ్చాయి. గడ్డ ఉందా, రక్తస్రావం అయిందా అని డాక్టరు తీయించే ఎంఆర్‌ఐకి ఈ చిక్కు లేదు.

అసలు చిక్కు ప్రయోగాన్ని ఎంచుకోవడంలో ఉంది. అందరి మెదడూ ఒకేలా స్పందించే పనినే శాస్త్రవేత్తలు ఏరుకున్నారు. క్లాసులో అందరికీ 95 పైన మార్కులొచ్చే పరీక్ష పెడితే, ఫస్టు ర్యాంకు వారానికొకరికి వస్తుంది. పైగా ఎఫ్‌ఎంఆర్‌ఐ నేరుగా నాడీకణాలను కొలవదు, రక్తంలో ఆక్సిజన్ మార్పులను కొలుస్తుంది. తల కాస్త కదిలినా లెక్క తప్పుతుంది.

ఒకే మెదడు రోజురోజుకూ ఎంత మారుతుందో చూడటానికి రస్ పోల్డ్రాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2012 నుంచి ఏడాదిన్నర పాటు తన మెదడునే పదేపదే స్కాన్ చేయించుకున్నాడు. మంగళవారం కాఫీ, టిఫిను లేకుండా; గురువారం రెండూ అయ్యాక. మెదడు భాగాల మధ్య లంకెల్లో ఆ రెండు రోజులకూ తేడా కనబడింది. సెయింట్ లూయిస్‌లో మరో బృందం పదిమందిని అర్ధరాత్రి నుంచి స్కాన్ చేసింది. ఒక్కొక్కరి మెదడు విశ్రాంతిగా ఉన్నప్పటి కొలతలే ఐదేసి గంటలు పోగుచేశాక, ఎవరి మెదడు తీరు వారిదిగా నిలకడగా బయటపడింది.

అందుకే మెదడు స్కాన్ వార్త చదివినప్పుడు, ఎంతమందిని పరీక్షించారన్న అంకెతో ఇప్పుడు ఆగిపోను. ఒక్కొక్కరినీ ఎన్నిసార్లు, ఎంతసేపు కొలిచారో వెతుకుతాను. ఆ లెక్క లేని రంగుల బొమ్మ పదిమంది సగటు గురించి చెబితే వింటాను. మీ పిల్లవాడు పిరికివాడో తెలివైనవాడో చెబుతానంటే మాత్రం, ముందు మరోసారి తీసి చూపించమంటాను.