ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగిపోతే

హైదరాబాద్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఉస్మానియా విశ్వవిద్యాలయం దాకా వెళ్తే, చాలామంది ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. గులాబి ఛాయ గ్రానైట్‌తో లేచిన ఆ ముఖద్వారం ఎవరినైనా నిలబెట్టేస్తుంది. కానీ విద్యాలయాన్ని కోటను చూసినట్టు చూస్తే సగమే చూసినట్టని నా అభిప్రాయం. కోట దగ్గర కట్టించినవాడెవరు, ఎవరిమీద యుద్ధానికి కట్టాడు అని తెలిస్తే చాలావరకు సరిపోతుంది. విద్యాలయం దగ్గర అడగాల్సినవి వేరే ఉన్నాయి: లోపలికి ఎవరిని రానిచ్చారు, ఏ భాషలో పాఠం చెప్పారు, ఎవరిని బయటికి పంపారు? గోడలు చెప్పని ఈ సంగతులు తెలుసుకున్నాకే గోడలను చూడాలి.

ఉస్మానియానే తీసుకుందాం. హైదరాబాద్ రాజ్యపు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయమిది. ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది 1934లో, ప్రారంభమైంది 1939 డిసెంబరులో. అంటే ఫొటోలో పడే భవనం కంటే విద్యాలయం ఇరవై ఏళ్లు పెద్దది. బ్రిటిష్ ఇండియా విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లిషులో ఉన్నత విద్య చెబుతున్న రోజుల్లో ఇక్కడ వైద్యం, న్యాయశాస్త్రం, ఇంజినీరింగు దాకా ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. పాఠ్యపుస్తకాలు లేవు కాబట్టి దారుల్ తర్జుమా అనే అనువాద విభాగాన్నే పెట్టారు. కవి జోష్ మలీహాబాదీ కొన్నాళ్లు అక్కడ పనిచేశారు. నన్నడిగితే ఉస్మానియాకు అసలు పునాది ఆ అనువాదకుల బల్లల మీదే పడింది. ఇప్పుడు బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి రండి. అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు, వాటి పక్కనే పర్షియన్ తరహా కమాన్లు. రెండు సంప్రదాయాల కలయిక అని గైడు పుస్తకాలు మురిసిపోతాయి. నిజమే, రాతిలో కలయిక ఉంది. కానీ రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడే తెలుగుకు గానీ, మరాఠీకి గానీ, కన్నడానికి గానీ బోధనా భాషగా చోటు దక్కలేదు. ఇంగ్లిషు పెత్తనం నుంచి విడుదల అనుకున్నది జనంలో ఎక్కువమందికి మరో పరాయి మాధ్యమం అయింది. స్తంభాన్నీ కమానునూ పక్కపక్కన చూస్తూ ఈ సంగతి గుర్తు చేసుకోకపోతే కంటికి కనిపించిన సామరస్యాన్నే చరిత్ర అనుకుంటాం.

అందమైన కట్టడం చూడ్డానికి వచ్చినవాడికి ఈ రాజకీయమంతా ఎందుకని అడగొచ్చు. అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఉస్మానియా చరిత్ర మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు, దాన్ని యాత్రికులకు చెప్పడమంటే ఏదో ఒక పక్షం వహించడమే కదా అంటారు. ఒక పక్షమే చెబితే అవును. విద్యాలయాన్ని స్థాపించిన పాలనలోనే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్లలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. ఆ వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్న, తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావుదీ అదే దారి. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక బోధన ఇంగ్లిషులోకి మారింది. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఇదే ప్రాంగణం గుండెకాయ. పాలకుడి ఔదార్యాన్ని మాత్రమే చెప్పేవారికీ, అతని నిరంకుశత్వాన్ని మాత్రమే చెప్పేవారికీ ఈ వరుసలో ఏదో ఒకటి అడ్డు తగులుతుంది. రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే కథ యాత్రికుడికి చెప్పదగ్గ కథే అని నేననుకుంటాను.

ఇక యాత్రికులు వస్తే చదువులకు ఆటంకమనే అభ్యంతరం సంగతి. ఇది నిజమైన ఇబ్బంది, కొట్టిపారేసేది కాదు. పరీక్షల వేళ వరండాల్లో పెళ్లి ఫొటోల హడావుడి ఎవరికి నచ్చుతుంది? అయితే గేటు మూసెయ్యడం ఒక్కటే మార్గం కాదు. పోర్చుగల్‌లోని కోయింబ్రా విశ్వవిద్యాలయం 1290 నాటిది, 2013 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ చదువులూ సాగుతున్నాయి, యాత్రికులూ వస్తున్నారు. జోవానినా గ్రంథాలయంలోకి టికెట్టు మీద రాసిన సమయానికి, కొద్దికొద్దిమందిగా వదులుతారు. తరగతి గదులు యాత్రికులకు తెరవనక్కర్లేదు, ముఖద్వారమూ దాని చరిత్రా తెరిస్తే చాలు. ప్రజల పన్నులతో నడిచే చోటికి ఆ ప్రజలే దొంగచాటుగా వచ్చి ఫొటో తీసుకుపోవాల్సిన అగత్యం ఏముంది?

ఉస్మానియాలో చరిత్ర శాఖ ఉంది, పార్ట్‌టైం పని కోసం వెతుక్కునే పీజీ విద్యార్థులూ ఉన్నారు. ఆదివారం పొద్దున వాళ్లే యాత్రికులను వెంటబెట్టుకుని ప్రాంగణం తిప్పవచ్చు. పరీక్షల నెలల్లో ఆపేయవచ్చు, టికెట్టు డబ్బు గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. ఏ కథ చెప్పాలన్న దాని మీద విద్యార్థులు తమలో తాము తగువుపడతారు, అందులో అనుమానం లేదు. పడనివ్వండి, యాత్రికులు ఆ తగువునూ వింటారు.