దీక్షకు దొడ్డిదారి లేదు

పశువుల మేత తరిగే కత్తులు రెండు తెచ్చి, బాగా నూరి, పదును పైకి ఉండేలా ఎత్తున బిగించి, వట్టి పాదాలతో వాటి మీద నిలబడి ఊరికి వాక్కు చెప్పడం కొరియాలోని హ్వాంగ్హే సంప్రదాయానికి శిఖరం. ముదాంగ్‌లనే అక్కడి పూజారిణుల్లో కిమ్ కుమ్‌హ్వా (1931-2019)కు సాటి మరొకరు లేరు. సియోల్ వైపు పూజా పద్ధతిని మెచ్చేవాళ్లు నొచ్చుకున్నా సరే, ఈ మాట అనక తప్పదు. ఎక్కేముందు కత్తి అంచును నాలుకకు, ముంజేతికి ఆనించి పదును చూపిస్తారు. జనం కళ్లన్నీ ఆ పాదాల మీదే ఉంటాయి గానీ అసలు పనితనం అంతకు ముందు గంటల్లోనే జరిగిపోతుంది. ఒక్కో దేవతకు ఒక్కో దుస్తు, ఒక నడక, ఒక గొంతు. జాంగు అనే డోలు మీద దరువు మారిందంటే, అంతవరకు రొమ్ము విరుచుకుని నడిచిన సేనాధిపతి పోయి ఎకసెక్కాలాడే ముసలమ్మ వచ్చేస్తుంది. కుత్ అనే ఈ కొలుపు రోజుల తరబడి సాగినా పాటలన్నీ కంఠతా రావాల్సిందే. ఏడ్చేవాళ్లను అక్కడికక్కడే నవ్వించడమూ తెలియాలి.

ఇంతటి విద్యను బయటివాళ్లకు మర్యాద చెడకుండా నేర్పగలమా? నేర్పగలం. కాకపోతే పనితనం వేరు, అధికారం వేరు. పనితనాన్ని ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. అధికారాన్ని మాత్రం కొలిచే ఊరే ఇవ్వాలి. ఈ తేడా కొరియాలోనే కనిపిస్తుంది. హ్వాంగ్హే వైపు పూనకం వచ్చినవాళ్లు ముదాంగ్‌లవుతారు. తూర్పు తీరంలోనూ జిందో దీవిలోనూ పూనకంతో పని లేదు, కుటుంబాల్లో చిన్నప్పటి నుంచే పాట, దరువు నేర్పుతారు. తూర్పు తీరపు వాద్య దిగ్గజం కిమ్ సొక్‌చుల్ అలా తయారైనవాడే. ఆయన వాయిద్యం విని మతిపోయిన ఆస్ట్రేలియా డ్రమ్మర్ సైమన్ బార్కర్ ఏళ్ల తరబడి వెతికి, 2005లో ఆ పెద్దాయన కన్నుమూసే ముందు కలుసుకోగలిగాడు. కొరియా దరువుల నుంచి నేర్చినదాన్ని తన సంగీతంలో కలుపుకున్నాడే తప్ప పూజారినని బోర్డు కట్టుకోలేదు. బయటివాడి మర్యాద అంటే అదీ!

మరి పూజారి పీఠమే కావాలంటేనో? కుమ్‌హ్వా కథ చూడండి. పదిహేడో ఏట అమ్మమ్మ చేతుల మీదుగా దీక్ష తీసుకున్న ఆ పిల్ల ఇంటింటికీ తిరిగి పాత లోహపు ముక్కలు అడుక్కుంది. వాటిని కరిగించి పూజకు కావాల్సిన సరంజామా పోయించారు. గంట మోగితే ఊరంతా ఇచ్చిన లోహమే మోగుతుందన్నమాట. దీక్షలో పరీక్షలూ ఉంటాయి. దాచిన గంటలు, విసనకర్ర వెతికి పట్టాలి. మూతపెట్టిన గిన్నెల్లో ఏది నీళ్లో, ఏది బియ్యమో, ఏది బూడిదో చెప్పాలి. దిగివచ్చిన దేవతల పేర్లు చెప్పాలి. కొరియాలో పుట్టినవాళ్లే తప్పిన సందర్భాలున్నాయి. రక్తంలో లేనివాళ్లకు ఇది అందదనే వాదం ఇక్కడే వీగిపోతుంది. రక్తమే చాలుననుకుంటే పరీక్షలెందుకు? కుమ్‌హ్వా స్వయంగా జర్మనీ నుంచి వచ్చిన ఒక స్త్రీకి దీక్ష ఇచ్చారు. పుట్టుక అడ్డు కాలేదు, అలాగని పరీక్షకు మినహాయింపూ లేదు.

ఇక ఒళ్లు మండేది నకిలీల దగ్గర. అమెరికా మానవశాస్త్రవేత్త మైఖేల్ హార్నర్ 1980లో అచ్చువేసిన పుస్తకంలో అన్ని జాతుల్లోని ఇలాంటి పూజారుల పద్ధతుల్లోంచి ఉమ్మడి సారం తీశానని, డప్పు శబ్దంతో ఎవరైనా ఆ దారి పట్టవచ్చని చెప్పాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఊరు, ఊరికి పడ్డ రుణం, దేవత పేరు, పరీక్ష తీసేశాక మిగిలేది డప్పు మోత ఒక్కటే. దాన్నే ఇప్పుడు శని ఆదివారాల క్లాసులుగా అమ్ముతున్నారు, చివర్లో సర్టిఫికెట్ కూడా! తమ పూజల్ని ఇలా అంగట్లో పెట్టినందుకు 1993లో అమెరికా ఆదివాసులైన లకోటా జనం ఏకంగా యుద్ధ ప్రకటనే చేశారు. 2009లో అరిజోనాలో, వేల డాలర్లు వసూలు చేసి ఆదివాసుల పూజను అనుకరిస్తూ నడిపిన ఉత్తుత్తి ఆవిరి గుడారం ముగ్గురి ప్రాణాలు తీసింది. నేర్పేవాడి మీద అదుపు చేసే పెద్దలు లేకపోతే జరిగేది ఇదే.

తలుపులు మూస్తే విద్య చచ్చిపోదా అంటారు. 1970ల్లో మూఢనమ్మకాలంటూ ప్రభుత్వమే వేటాడినప్పుడు కూడా చావని కుత్, బయటి శిష్యులు లేకపోతే చస్తుందా? ఆ తర్వాత ప్రభుత్వమే 1985లో కుమ్‌హ్వా పడమటి తీరపు కొలుపును జాతీయ వారసత్వంగా గుర్తించింది. దాన్ని నిలబెట్టింది విదేశీ ఫీజులు కాదు, పడవ కట్టిన ప్రతివాడూ చేపల కోసం మొక్కిన మొక్కు. డబ్బు తీసుకోవడం తప్పనడం లేదు, ముదాంగ్‌లూ తీసుకుంటారు. డబ్బు కట్టిన ప్రతివాడినీ పాస్ చేయడమే తప్పు. అందుకే నేర్చుకోవాలనే ఉబలాటం ఉన్నవాళ్లకు ఒకటే మనవి: గురువును మూడు ప్రశ్నలు అడగండి. మీకు దీక్ష ఇచ్చిందెవరు? మిమ్మల్ని కొలుపుకు పిలిచే ఊరేది? ఇప్పటిదాకా ఎవరినైనా పనికిరావని పంపేశారా? మూడో ప్రశ్నకు జవాబు లేని చోట చెప్పులు విప్పకండి.