రవివర్మ యాత్ర, బరోడా చిత్రాలు

1888లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు ఉదకమండలంలో రాజా రవివర్మను కలుసుకొని, తన లక్ష్మీవిలాస ప్రాసాదానికి రామాయణ భారత గాథలనుండి పదునాలుగు తైలవర్ణ చిత్రాలు రచించి ఇమ్మని కోరాడు. రవివర్మకు అప్పటికి నలభై యేండ్లు. ఆయన వెంటనే కుంచె పట్టలేదు. తమ్ముడు రాజరాజవర్మను తోడు తీసుకొని కొన్ని నెలలపాటు ఉత్తర హిందూస్థానం తిరిగాడు. అది తీర్థయాత్ర కాదు, వినోదయాత్రా కాదు. ద్రౌపదికి, దమయంతికి, సుభద్రకు ఎటువంటి వస్త్రం కట్టాలి, దేశంలో ఏ మూలనున్నవాడు చూచినా వీరు మనవారే అనుకొనేటట్లు ఎట్లా చిత్రించాలి అన్న ప్రశ్న ఆయనను ఊళ్లవెంట తిప్పింది.

యాత్రలో సమాధానం దొరకలేదు. ప్రాంతానికొక కట్టు, కులానికొక కట్టు కనబడ్డవి గాని, పురాణకాలంనుండి దేశమంతటికీ ఉమ్మడిగా నిలిచిన వేషం ఏదీ కనబడలేదు. చివరకు ఆయన చీరను ఎన్నుకొన్నాడు. నిజానికి 1880 నాటి సీతాభూప్రవేశంలోనే సీత చీర కట్టి ఉన్నది. కాబట్టి యాత్ర ఆయనకు చీరను ఇచ్చిందనడంకంటె, చీర తప్ప వేరు దారి లేదని ఒప్పించిందనడం సమంజసం. ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆయన పుట్టిపెరిగిన కేరళంలో స్త్రీల వాడుక ముండు. అంటే పురాణ నాయికలకు తన ఇంటి బట్ట కట్టలేదన్నమాట.

హిందీ సాహిత్యంతో పరిచయమున్నవారికి ఇది వింతగా తోచదు. రవివర్మకంటె రెండేండ్లు చిన్నవాడైన భారతేందు హరిశ్చంద్రుడు కవిత్వాన్ని ఎక్కువగా వ్రజభాషలో వ్రాస్తూనే వచనానికి ఖడీబోలీని చేపట్టాడు. ఆనాడు కాశీలోగాని బీహారులోగాని తల్లి బిడ్డను లాలించిన భాష అది కాదు. అయినా అందరికీ అందగల భాష. రవివర్మ చీర చిత్రకళలో అటువంటి ఖడీబోలీ. 1889 నాటి గాయకీబృంద చిత్రంలో పలు ప్రాంతాల స్త్రీలను ఎవరి వేషంలో వారిని కూర్చుండబెట్టిన చిత్రకారుడే, పురాణాల దగ్గరకు వచ్చేసరికి ఆ మాండలికాలన్నిటినీ పక్కనపెట్టాడు.

1890లో చిత్రాలు పూర్తి అయినవి. తిరువనంతపురంలోను, తరువాత బొంబాయి, బరోడాలలోను వాటిని ప్రజలకు ప్రదర్శించారు. జనం తండోపతండాలుగా వచ్చారు. రాజప్రాసాదానికి ఉద్దేశించిన పటాలను ప్రాసాదంతో ఏ సంబంధమూ లేనివారు ముందుగా చూడడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. వచ్చినవారికి కథలు కొత్త కావు. గంగా శంతనుల చిత్రాన్నే చూడండి. ఎనిమిదవ బిడ్డను ఎత్తుకొని గంగ నీటివైపు సాగుతున్నది, శంతనుడు వారిస్తున్నాడు. ఏడుగురు బిడ్డలు పోయినంతకాలం నోరు మెదపనివాడు ఇప్పుడు నోరు విప్పాడు. విప్పడంతోనే భార్యను పోగొట్టుకొన్నాడు. దక్కిన బిడ్డ భీష్ముడు. పటంలో ఉన్నది ఒక్క క్షణం. దానికి ముందున్న మౌనాన్ని, తరువాతి కురుక్షేత్రాన్ని ప్రేక్షకుడు తన ఇంటినుండి తెచ్చుకోవాలి. కథ తెలియనివానికి ఇది నదీతీరంలో ఆలుమగల తగవు మాత్రమే.

ఈ చిత్రాలలో నాటకపు వాసన ఎక్కువ అని ఆనంద కుమారస్వామి మొదలైనవారు ఆక్షేపించారు. ఆక్షేపణ పూర్తిగా నిరాధారం కాదు. హస్తాల విరుపులో, ముఖాలమీద పడే వెలుగులో రంగస్థలం కనబడుతూనే ఉంటుంది. కాని నాకు అంతకంటె పెద్ద లోపంగా తోచేది వేరొకటి ఉన్నది. ఈ గాథలలో సగం అడవిలో జరిగినవి. ఆ అడవి ఈ పటాలలో తెరగానే మిగిలిపోయింది.

బస్తరు దక్షిణపు అంచున ఉన్న మరైగూడనుండి సరిహద్దు దాటితే దుమ్ముగూడెం ప్రాంతం, అక్కడి పర్ణశాల. సీతవాగు ఒడ్డున రాతిమీది చారలను చూపి, సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని చెబుతారు. భద్రాచలం పక్కనున్న ఎటపాకను జటాయువు రావణునితో పోరాడిన చోటు అంటారు. రవివర్మ తరువాత రచించిన జటాయువధలో ఆకాశమే ప్రధానం. కింద ఏ నేల ఉన్నదో, దానిమీద ఎవరు బ్రతుకుతున్నారో ఆ చిత్రం అడగదు. సీతకు ఏ బట్ట కట్టాలన్న ప్రశ్నకు దండకారణ్యంలో ఒక జవాబు రాతిమీద ఉన్నది. ఆయన ప్రయాణించిన దారులు ఇటు రాలేదు.

ఐతే న్యాయంగా మాట్లాడాలి. వాల్మీకి సంస్కృతంలో చీరమంటే నారబట్ట. తెలుగులో చీర అంటే మనం కట్టే చీర. కైకేయి ఇచ్చిన చీరాన్ని ఎట్లా కట్టుకోవాలో తెలియక సీత సిగ్గుపడి నిలబడితే, రాముడు దానిని ఆమె పట్టుబట్టమీదనే కట్టాడు. వసిష్ఠుడు అడ్డుపడ్డాడు, పదునాలుగేండ్లకు సరిపడే వస్త్రాలను, ఆభరణాలను దశరథుడు ఇప్పించాడు. కనుక పట్టుచీరతో సీతను చిత్రించినవాడు మూలాన్ని తప్పినవాడు కాడు. మూలం రెండింటికీ చోటిచ్చింది. వాటిలో ఒకదానిని నగరం ఎన్నుకొన్నది, మరొకదానిని అడవి దాచుకొన్నది.

రవివర్మకు పేదవారు కనబడలేదనడం కూడ అన్యాయమే. 1893లో షికాగో ప్రదర్శనానికి పంపిన పది చిత్రాలలో దేశదిమ్మరుల చిత్రం ఒకటి. ఆ ముఖాలలో ఉన్న అలసటను బరోడా నాయికలలో ఎవరి ముఖంలోను చూడము. చేయి తిరిగిన పనితనమే గాక జాలి కూడ అందులో ఉన్నది. కాని ఆ స్త్రీకి పేరు లేదు. ఆమెకు ముందేమి జరిగిందో, తరువాత ఏమి కానున్నదో పటం చెప్పదు; ప్రేక్షకుడూ ఇంటినుండి తెచ్చుకోలేడు. శంతనుని నోటినుండి ఒక్క మాట వెలువడగానే వంశచరిత్ర కళ్లకు కడుతుంది. దేశదిమ్మరి స్త్రీ నోరు విప్పినా మనకు తెలిసేది ఆమె జాతి ఏది అన్నంతవరకే. రాణులకు కథ, పేదలకు రకం అన్న ఈ విభజన రవివర్మ ఒక్కని సృష్టి కాదు. ఆనాటి ప్రదర్శనశాలలన్నీ అట్లే ఆలోచించినవి. కోయ స్త్రీ ఒకతె ఆయన కంటబడి ఉంటే, షికాగోకు పోయిన పదింటి సరసన చేరేదేగాని, బరోడాకు పోయిన పదునాలుగింటిలోకి వచ్చేది కాదు.

1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన శిలాముద్రణశాల పురాణ నాయికలను ఇంటింటి గోడకు చేర్చింది. అచ్చులో రంగులు గట్టిపడ్డవి, ముఖాలు మొద్దుబారినవి. చీర మాత్రం నిలిచింది. నేడు తెలుగుదేశంలో పంచాంగపు పటంమీద లక్ష్మీ సరస్వతులు ధరించేది ఆ యాత్రనుండి వచ్చిన బట్టే. బరోడాకు రచించిన మూలపటాలు పెక్కు ఇప్పటికీ వడోదరలోని మహారాజా ఫతేసింగ్ మ్యూజియంలో కలవు. అచ్చుపటాలతోనే రవివర్మను తూచేవారు ఒక్కసారి అక్కడికి వెళ్లి గంగా శంతనుల ముందు నిలబడటం మంచిది.