నచ్చిన చీర స్క్రీన్‌షాట్ తీసి పంపండి

రాత్రి భోజనాలయ్యే వేళకు ఫోను స్టాండుకు బిగించి, రింగ్ లైట్ వేసుకుని, ఒక్కో చీరా మడత విప్పి చూపించే ఆడవాళ్లు ఇప్పుడు తెలుగునాట చిన్న చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. అంచు చూపిస్తారు, కొంగు చూపిస్తారు, బ్లౌజ్ పీస్ విడిగా పరుస్తారు. చివరికి అందరూ చెప్పే మాట ఒకటే: నచ్చిన చీర స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి. అమ్మకం మొదలయ్యేది ఆ మాట తర్వాతే. లైవ్‌లో ఎన్ని లైకులు పడినా, వచ్చిన స్క్రీన్‌షాట్‌కు ఆ పూటే జవాబు వెళ్లకపోతే చీర మళ్లీ మడతెట్టి బీరువాలో పెట్టుకోవాల్సిందే.

ఆ జవాబులో తెలివి కంటే ఓపిక ఎక్కువ కావాలి. రంగు ఫోనులో కనిపించినట్టే ఉంటుందా? పొడవెంత? జరీ ఎలాంటిది? పోస్టేజీ కలిపి ఎంత? ఇవే ప్రశ్నలు రోజూ వస్తాయి, రోజూ కొత్తగా విన్నట్టే చెప్పాలి. పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి అదనంగా పంపితే సగం సందేహాలు తీరిపోతాయి.

ధర దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు. రీల్ కింద వరసగా ‘ప్రైస్ ప్లీజ్’ అని కామెంట్లు, ప్రతిదానికీ ‘ఇన్‌బాక్స్ చూడండి’ అని ఒకటే సమాధానం. అలా అడిగించుకుంటే ఎక్కువమందితో మాట కలుస్తుందని అమ్మేవాళ్ల లెక్క. కొనేవాళ్లకు మాత్రం, మనిషిని బట్టి ధర మారుస్తున్నారేమోనన్న అనుమానం పుడుతుంది. ధర అందరికీ కనబడేలా రాసి పెట్టడమే న్యాయం, వ్యాపారానికి మేలు కూడా.

ఇక పోచంపల్లి లాంటి చోట చిక్కు మరోరకం. అక్కడి ఇకత్ నేతలో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఒక పడుగు మీద అదే డిజైన్‌లో సాధారణంగా ఏడెనిమిది చీరలు వస్తాయి. అలాంటి చీర రీల్ ఒకటి లక్షమంది చూశారనుకుందాం. అడిగేవాళ్లు వందల్లో ఉంటారు, చీరలు మాత్రం ఎనిమిదే. తొమ్మిదో మనిషికి ‘స్టాక్ లేదు’ అని ఒక్క ముక్క పంపితే, ఆమె వెతుక్కుంటూ వెళ్లి అదే డిజైన్‌ను ప్రింటు వేసిన మిల్లు చీర కొనేస్తుంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చేనేత వస్త్రాలకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. కానీ ఫోను తెర మీద ప్రింటుకూ నేతకూ తేడా తెలియదు. తెలియాలంటే చీర తిరగేసి వెనక వైపు చూపాలి. నేసిన ఇకత్‌లో రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, ప్రింటులో వెనక వైపు సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. రీల్‌లో ఆ పది సెకన్లు ఉంటే నేతగాడి కష్టానికి సాక్ష్యం దొరికినట్టే.

తొమ్మిదో మనిషిని ఏం చేయాలి? పేరు, నంబరు రాసుకుని, వచ్చే పడుగు ఎప్పుడు దిగుతుందో నిజం చెప్పి, కొంత అడ్వాన్సు తీసుకోవాలి. నేతగాడికి నూలు కొనడానికి ఆ డబ్బు అక్కరకొస్తుంది కూడా.

ఒక్కసారిగా వచ్చిపడే జనం చిన్న కొట్టును ఎలా తలకిందులు చేస్తారో 2020 అక్టోబరులో దేశమంతా చూసింది. ఢిల్లీ మాలవీయ నగర్‌లోని బాబా కా ధాబా వృద్ధ దంపతుల కన్నీళ్ల వీడియో చూసి మర్నాడే జనం బారులు తీరారు. ఆ ఊపులో డిసెంబరులో రెస్టారెంటు తెరిచారు. రాబడి ఖర్చులకు చాలక, కొద్ది నెలలకే మూసేసి పాత కొట్టుకు తిరిగొచ్చారు. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక రోడ్డు పక్క భోజనం బండికీ ఇలాంటి కష్టమే వచ్చింది. వీడియోలు చూసి వచ్చిన జనంతో రోడ్డు నిండిపోయి, ట్రాఫిక్ పోలీసులు బండి తీసేయమన్నారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకుంటేగానీ మళ్లీ వడ్డన మొదలవలేదు.

జనం చూపును డబ్బుగా మార్చడంలో కేరళలోని చేందమంగళం నేర్పిన పాఠం చాలా గొప్పది. 2018 వరదల్లో అక్కడి నేతగాళ్ల ఓణం సరుకు బురదపాలైంది. మరకలు పోని ఆ బట్టను శుభ్రం చేసి, చిన్న ముక్కలు కోసి, చేకుట్టి అనే బొమ్మలు చేశారు. ఒక్కోటి 25 రూపాయలు. ఒక చీరలో సుమారు 360 బొమ్మలు వచ్చాయి, అంటే 9,000 రూపాయలు. మామూలుగా ఆ చీర ధర పదిహేను వందల లోపే. టీవీల్లో, ఫోన్లలో వరద చూసి మనసు కదిలిన మనిషికి, చేతికి అందే ధరలో కొనడానికి ఒక వస్తువు దొరికింది. చూసి కంటతడి పెట్టినవాళ్లే కొన్నారు, ఎక్కడెక్కడి వలంటీర్లో కూర్చుని బొమ్మలు కట్టారు.

మరో జాగ్రత్త కూడా ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే బతికిన ఖాతాలకు ఏళ్ల తరబడి పోగుచేసుకున్న ఫాలోవర్లు చేజారిపోయారు. అలాంటి రోజు చేతిలో మిగిలేది కొన్నవాళ్ల నంబర్ల పుస్తకమే. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పట్టేది 256 మందే. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే పార్సిల్ కట్టేటప్పుడు లోపల చిన్న చీటీ పెట్టే అలవాటు మంచిది: కొట్టు పేరు, నంబరు, ‘సేవ్ చేసుకోండి, కొత్త పడుగు దిగగానే ముందు మీకే చూపిస్తాం’ అన్న ఒక్క వాక్యం. చీటీ చేత్తో రాసినదైతే ఇంకా మంచిది.