కథలకు ఆహ్వానం: వస్తుప్రధాన సంకలనాలపై ఒక పరిశీలన

పత్రికల సాహిత్య పుటల్లో 'కథలకు ఆహ్వానం' అనే చిన్న ప్రకటన తరచు కనిపిస్తుంది. రైతు జీవితం, వలస, వృద్ధాప్యం, నది, నగరం - ఇలా ఏదో ఒక వస్తువును పేర్కొని, దానిపై కథలు పంపవలసిందిగా రచయితలను కోరడం ఆ ప్రకటన సారాంశం. పుటల పరిమితి, గడువు తేదీ, కథ స్వంతమేనన్న హామీపత్రం, 'ఎంపికలో సంపాదకులదే తుది నిర్ణయం' అనే వాక్యం దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి. ఈ నాలుగైదు పంక్తులను సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. సంకలనం వెలువడిన తరువాత అందులోని కథల గుణదోషాలను చర్చిస్తుందే కాని, అవి ఏ పిలుపునకు జవాబుగా పుట్టాయో విచారించదు. ఒక కాలపు జీవితాన్ని రేపటి పాఠకుడు ఏ కథల ద్వారా తెలుసుకోవాలన్నది కొంతవరకు ఆ నాలుగైదు పంక్తుల్లోనే నిర్ణయమైపోతున్నది. అందువల్ల ఆ ప్రకటన కూడా విమర్శకుని దృష్టికి రావలసినదే.

వస్తుప్రధాన సంకలనాలు స్థూలంగా రెండు మార్గాల్లో రూపొందుతాయి. మొదటిది సేకరణ. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పత్రికల్లో, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా రాసిన కథలను సంపాదకుడు వెదకి ఒకచోట చేరుస్తాడు. ఇక్కడ కథ ముందు పుట్టింది. వస్తువు పేరు తరువాత వచ్చింది. రెండవది ఆహ్వానం. వస్తువును ముందుగా ప్రకటించి, దానికోసం కొత్త కథలు రాయిస్తారు. ఇక్కడ వస్తువు ముందు, కథ వెనుక. రెండూ పుస్తకాల అరలో పక్కపక్కనే ఉంటాయి. రెండింటి ముఖచిత్రాలపైనా 'కథాసంకలనం' అనే మాటే ఉంటుంది. కాని చరిత్ర విద్యార్థి దృష్టిలో వీటి సాక్ష్యానికి గల విలువ ఒకటి కాదు. అడగకుండా చెప్పిన సాక్ష్యం వేరు. పిలిపించి చెప్పించిన సాక్ష్యం వేరు. రెండవది అబద్ధమని దీని అర్థం కాదు. దానిని అడిగినవారెవరు, ఏమని అడిగారు అన్నది కూడా తెలిసి ఉండాలని మాత్రమే అర్థం.

సేకరణ మార్గం సాధించిన ఫలితాలు ఘనమైనవి. దేశవిభజనపై వివిధ భాషల్లో వెలువడిన కథలను అలోక్ భల్లా 1994లో మూడు సంపుటాలుగా ఆంగ్లంలో వెలువరించినప్పుడు, 1947 నాటి విషాదాన్ని రాజకీయ చర్చల పత్రాల వెలుపల నిలబడి చూసే అవకాశం పాఠకులకు లభించింది. తెలుగులో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2002లో వెలువడింది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు చేసిన రచనలను అది ఒకచోటికి తెచ్చింది. అందులో కథలే కాక ఇతర ప్రక్రియలూ ఉన్నాయి. 'వీరు రాయలేదు' అనే అపోహకు 80 సంవత్సరాల పరిధి గల ఆ గ్రంథమే సమాధానం. తొలి తెలుగు కథ విషయంలోనూ ఇటువంటి అన్వేషణే పునర్విచారణకు దారితీసింది. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. దానినే తొలి కథగా దీర్ఘకాలం పరిగణించారు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'ని పలువురు పరిశోధకులు ముందుకు తెచ్చిన తరువాత ఆ లెక్క మారింది. స్త్రీల రచనలు అనే దృష్టితో పాత పత్రికలను తిరగవేయనిదే ఇది సాధ్యమయ్యేది కాదు. వస్తువు అనే దీపం చేత పట్టుకుని వెదికితే మరుగున పడిన మనుషులు కనిపిస్తారనడానికి ఇవి నిదర్శనాలు.

ఈ రెండు మార్గాలకూ మధ్య మరొక రకం సంకలనాలున్నాయి. రచయితలే ఒక సమాన అవసరంతో కూడి వెలువరించినవి అవి. 1932 డిసెంబరులో లక్నోలో ప్రచురితమైన ఉర్దూ సంకలనం 'అంగారే' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాన్, మహముదుజ్జఫర్ - ఈ నలుగురి తొమ్మిది కథలు, ఒక నాటిక అందులో ఉన్నాయి. మతాచారాల పేరిట సాగే కపటాన్ని, స్త్రీల దుస్థితిని అవి నిర్మొహమాటంగా చిత్రించాయి. తీవ్రమైన అలజడి చెలరేగింది. సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 1933 మార్చిలో ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు దారి వేసిన ఘటనల్లో ఈ చిన్న పుస్తకానికి స్థానమున్నది. నలుగురు విడివిడిగా నాలుగు పత్రికల్లో ఆ కథలను ప్రచురించి ఉంటే ఇంత సంచలనం కలిగేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఒక్కటిగా కూర్చడమే వాటికి బలమిచ్చింది. ఒక్కటిగా నిషేధించడానికీ అదే వీలిచ్చింది.

తెలుగులో స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన 'వతన్' ముస్లిం జీవితాన్ని ఇతివృత్తంగా గ్రహించిన కథల సంకలనం. అంతకు ముందే 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం ఆ గొంతును వినిపించింది. వతన్ అంటే స్వదేశం, పుట్టిన నేల. ఆ పేరులో ఒక ప్రశ్న ఉన్నది: ఈ నేల ఎవరిది, ఎవరు దానిని తమదని నిరూపించుకోవలసి వస్తున్నది? సంపాదకుడు ఆ ప్రశ్నను పేరుగా నిలిపాడు. జవాబులను కథలకు విడిచిపెట్టాడు. తెలుగు ముస్లిముల ఇళ్లలో పలికే ఉర్దూ మాటలు తెలుగు కథనంలోకి సహజంగా ప్రవేశించడం ఇటువంటి కథల ద్వారా కలిగిన మరొక మేలు. 'నల్లపొద్దు', 'అంగారే', 'వతన్' మూడింటిలోనూ సామాన్యంగా కనిపించే లక్షణం ఒకటున్నది. వస్తువు సంపాదకుని బల్లమీద పుట్టలేదు. అది జీవితంలో అప్పటికే ఉండి, ఒక వేదిక కోసం ఎదురుచూస్తున్నది.

ఈ లక్షణం లోపించినచోట చిక్కు మొదలవుతుంది. కొన్ని ప్రకటనలు వస్తువుతోపాటు నిర్ణయాన్ని కూడా పేర్కొంటాయి. 'వృద్ధాప్యం'పై కథలు కోరడం ఒకటి. 'తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసే సంతానానికి కనువిప్పు కలిగించే కథలు' కోరడం మరొకటి. మొదటి పిలుపునకు వచ్చే కథలో తండ్రి మూర్ఖుడు కావచ్చు, కోడలు ఉత్తమురాలు కావచ్చు, వృద్ధాశ్రమం ఒకరికి ఊరట కూడా కావచ్చు. రెండవ పిలుపునకు వచ్చే 25 కథల్లో కొడుకు పేరు, నగరం పేరు మారవచ్చునేమో గాని, చివరి పుటలో కన్నీరు మాత్రం ఒకే తీరున కారుతుంది. అటువంటి సంకలనాన్ని ఏకబిగిన చదివిన పాఠకునికి పది కథల తరువాత పదకొండవది ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోతుంది. పాత్రలు మాట్లాడడం మాని ఉపన్యసిస్తాయి. వార్తాపత్రికలోని సంఖ్యలు సంభాషణల్లోకి దిగుతాయి. 2020లో కరోనా విజృంభించిన నెలల్లోనే ఆ వస్తువుపై కథలకు పిలుపులు వెలువడ్డాయి. అనుభవం ఇంకా అనుభవంగానే ఉన్న సమయంలో, జ్ఞాపకంగా మారకముందే, గడువు తేదీ వచ్చిపడింది. ఆ తొందరలో రాసిన కథల్లో కొన్ని ఆనాటి భయానికి విలువైన దినచర్యలుగా నిలుస్తాయి. కథలుగా నిలిచేవి సహజంగానే తక్కువ.

మంచి కథ ఒక వస్తువుకు లొంగి ఉండదనడానికి పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'ను మించిన ఉదాహరణ అరుదు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన కథ అది. నియమబద్ధంగా జీవించే ఒక పెద్దమనిషి, రైల్లో తారసపడిన బిచ్చగత్తె, తుఫాను రాత్రి, ఒక రైల్వేస్టేషను - ఇంతే సామగ్రి. దీనిని 'ప్రకృతి వైపరీత్యాలు' అనే సంకలనంలో చేర్చవచ్చు. అప్పుడు తుఫాను ముందుకు వస్తుంది. 'నిరుపేద స్త్రీలు' అనే సంకలనంలో చేర్చితే ఆమె ముందుకు వస్తుంది. 'రైలు ప్రయాణం' అనే శీర్షిక కిందకూ అది ఒదుగుతుంది. మూడుచోట్లా కథ ఒక్కటే; కాని ప్రతి శీర్షిక ఒక ముఖాన్ని వెలిగించి తక్కిన ముఖాలను చీకటిలో ఉంచుతుంది. ఆ మనిషి ఏళ్ల తరబడి కట్టుకున్న విలువల గోడ ఒక్క రాత్రిలో ఎలా కదిలిందన్న అసలు సంగతికి సరిపడే శీర్షికను ఏ సంపాదకుడూ ప్రకటనలో రాయలేడు. ఇటువంటి కథ ఏ ఆహ్వానానికి జవాబుగా పుట్టగలదో ఊహించడం కష్టం.

అయితే ప్రయోజనం కోసం రాయించిన కథలన్నీ నిర్జీవాలని తీర్మానించడం తొందరపాటు. నెల్లూరు జిల్లాలో 1990 దశకం తొలినాళ్లలో సాగిన అక్షరాస్యతా ఉద్యమాన్ని ఇక్కడ స్మరించుకోవాలి. వయోజన విద్యార్థుల పాఠాల్లో సారా వల్ల చితికిన కుటుంబాన్ని గురించి, సీతమ్మ అనే స్త్రీని గురించిన కథ ఒకటి ఉండేది. ఆ పాఠాలు చదివిన దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణాలపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటికీ వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. ఏ సాహిత్య సంకలనమూ సాధించని ఫలితాన్ని ఒక వాచకంలోని కథ సాధించింది. చదివినవారికి అందులో తమ ఇల్లే కనిపించింది. అయితే వాచకం తాను బోధించడానికి వచ్చానని దాచుకోదు. సంకలనం తాను సాక్ష్యం చెప్పడానికి వచ్చానంటుంది. సాక్ష్యమని పిలిచి బోధను రాయించుకున్నప్పుడే పాఠకుడు మోసపోతాడు. సాంస్కృతిక సంస్థలు, ప్రభుత్వ శాఖలు ప్రత్యేక సందర్భాల్లో కథాసంకలనాలు తలపెట్టేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం. ఒక పథకం ప్రచారానికి కరపత్రం చాలు. దానికోసం కథకుణ్ణి ఇబ్బంది పెట్టనవసరం లేదు.

కథ పంపే రచయిత బాధ్యత కూడా చిన్నది కాదు. ఇంటిలో ఉన్న పాత కథకు కొత్త సంకలనం కోసం రెండు పేరాలు అతికించడం, ఊరి పేరు మార్చడం, ముగింపును ప్రకటనకు అనుగుణంగా తిప్పడం అపరిచితమైన అలవాట్లు కావు. కథ మెరుగుపడడానికి చేసిన మార్పు సంస్కరణ అవుతుంది. చోటు సంపాదించడానికి చేసిన మార్పు కథకు హాని చేస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. సంకలనం పేరు చెరిపివేసి, ఆ కథను ఒంటరిగా నిలబెట్టి చూడాలి. వస్తువు ఊతకర్ర లేకుండా అది నడవగలిగితే పంపవచ్చు.

హక్కుల విషయంలోనూ రచయితలు చూపే ఉదాసీనత విచారకరం. సంకలనంగా కూర్చినందుకు సంపాదకునికి గల హక్కు వేరు. కథపై రచయిత హక్కు వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి పేర్కొనకపోతే 5 సంవత్సరాలని, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమని భావించాలి. హక్కులు బదిలీ చేసిన తరువాత కూడా తన పేరును నిలుపుకొనే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షను కింద రచయితకు ఉంటాయి. ముగింపును తమకు నచ్చినట్లు దిద్ది, రచయితకు చెప్పకుండా అచ్చువేయడం సంపాదకీయ స్వేచ్ఛ కిందికి రాదు. హామీపత్రంలో రచయిత సంతకం తీసుకునేవారు, తాము కూడా ఒక పుట హామీ ఇవ్వడం న్యాయం.

సంపాదకులు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. ప్రతి కథ చివర అది తొలిసారి ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో వెలువడినదో, లేక ఈ సంకలనం కోసమే రాసినదో పేర్కొనాలి. ముందుమాటలో ఆహ్వాన ప్రకటన పూర్తి పాఠాన్ని ముద్రించాలి. ఎన్ని కథలు వచ్చాయి, ఎన్ని స్వీకరించారు, ఎంపిక చేసినవారెవరు అన్నది చెప్పాలి. ఈ వివరాలకు పట్టే చోటు ఒక్క పుట మాత్రమే. అవి లేని సంకలనం కొన్నేళ్లు గడిచాక తేదీలేని శాసనంలా మిగులుతుంది. చదవవచ్చు, ప్రమాణంగా గ్రహించలేము. కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం విలువ ఇక్కడే తెలుస్తుంది. కథ తొలుత వెలువడిన పత్రికను వెదికి భద్రపరచే చోటు అది. సంకలనంలోని కథను మూలంతో పోల్చి చూడాలనుకునే పరిశోధకుడు ఆ మెట్లు ఎక్కక తప్పదు.

వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా 1990 నుంచి కథలను ఎంచి వెలువరించిన 'కథ' వార్షిక సంకలనాలకు సంవత్సరమే వస్తువు. ఆ ఏడాది వచ్చినవాటిలో మంచివి అనుకున్నవి చేరాయి. కరవు, ప్రేమ, భూమి, ఉద్యోగం ఒకే అట్టలో పక్కపక్కన నిలిచాయి. సంపాదకుల అభిరుచితో విభేదించే వీలు పాఠకునికి ఎప్పుడూ ఉన్నది. కథ దేనిగురించి ఉండాలో రచయితకు ముందుగా చెప్పకుండానే ఒక కాలపు చిత్రాన్ని కూర్చవచ్చునని ఆ సంపుటాలు నిరూపించాయి. వస్తువును నిర్ణయించి పిలిచేవారు కూడా ఇంతటి విశ్వాసాన్ని రచయితపై ఉంచగలిగితే, తమ ప్రకటనలోని చివరి పంక్తిలో తుది నిర్ణయాన్ని సంపాదకునికే ఉంచుకున్నా, మొదటి పంక్తిలో ప్రశ్నను రచయితకు విడిచిపెడితే చాలు. గడువు తేదీకి ముందు వచ్చే కథల్లో ఒకటి రెండయినా గడువు దాటిన తరువాత కూడా చదవదగినవిగా మిగులుతాయి.