మసి అద్దిన చిన్న స్టేషన్

ఛత్తీస్‌గఢ్‌లో చాంపా నుంచి కోర్బా మీదుగా గేవ్రా రోడ్ వెళ్లే బొగ్గు బ్రాంచి లైనులో ఒక స్టేషన్‌ను 1:87 కొలతలో నమూనాగా నిలబెట్టడం గొప్ప పనితనం. ఆరడుగుల మనిషి అక్కడ రెండు సెంటీమీటర్లే. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, ఆ లెక్కన పట్టాల మధ్య 19.3 ఉండాలి. బయట కొనే నమూనా పట్టాల మధ్యేమో 16.5. అందుకే పట్టుదల ఉన్నవాళ్లు చేత్తోనే పరుస్తారు.

నాకైతే తళతళలాడే నమూనా కన్నా మసిబారిన గోడే ముద్దు. బిలాస్‌పూర్ గోల్ బజార్ లాంటి పాత బజారులో దొరికే జాజు, మసి, సుద్దపొడి చాలు. పలచని నల్లరంగు పూసి, వాన జారే దిక్కునే పైనుంచి కిందికి తుడవాలి. బండి బ్రేకు పట్టే ప్లాట్‌ఫాం దగ్గర కంకరకు తుప్పురంగు, డీజిల్ ఇంజను ఆగేచోట నూనె మరక. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువాళ్లు ఆ మరకల్ని ఇట్టే గుర్తుపడతారు. పట్టా పైభాగం మాత్రం మెరవాలి, చక్రం రోజూ రుద్దుతుంది కదా!